మనం కట్టిన ఆకాశనౌక

“రేపు పొద్దున మనం ఇడ్లీలు చేద్దాం” అని సారంగపాణి అన్నాడంటే, ఆ పూటే పప్పు నానబోసి సాయంత్రం రుబ్బవలసింది కోటేశ్వరి అని అర్థం. “మనం జల్దీ లేవాలె” అంటే కోటేశ్వరి లేవాలి. “నలుగురు దోస్తులొస్తరు, మనం కోడికూర పెడదాం” అంటే మసాలా నూరేదీ, వండేదీ, వడ్డించేదీ, వాళ్ళు పోయాక గిన్నెలు తోమేదీ అంతా ఒకే మనిషి. పెళ్ళైన కొత్తలో ఆ మాట ఆమె చెవికి ఎంత ముద్దుగా వినిపించిందో చెప్పలేం. తల్లాడ దగ్గర వాళ్ళ పల్లెలో నాయన ఇంట్లో ఆడవాళ్ళతో “చెయ్యి, తే, పో” అని తప్ప మాట్లాడి ఎరగడు. మనం అనే మొగుడు దొరికాడని పిచ్చిది మురిసిపోయింది. ఆ మనంలో అతను మాటవరసకు మాత్రమే ఉంటాడని తెలిసేసరికి ఏళ్ళు గడిచిపోయాయి.

అతను బొగ్గు గనిలో స్టోరు గుమస్తా. గోదావరికి ఇవతల, అడవి నరికి గని తవ్విన చోట, కంపెనీ కట్టిన క్వార్టర్ల వరసలో చివరి ఇల్లు వాళ్ళది. ముందు తలుపు తీస్తే బొగ్గు లారీలు, వెనక తలుపు తీస్తే టేకు చెట్లు. గనిలో మందు పేల్చినప్పుడల్లా అలమరలో గ్లాసులు గలగలలాడేవి. ఒక్కగానొక్క కూతురు సునంద కొత్తగూడెంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో మిగిలింది మొగుడూ పెళ్ళాలూ, అత్త వెంకమ్మా. వెంకమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. ముందు గదిలో నులక మంచం మీద కూర్చుని, కనబడీ కనబడని చూపుతో కోడలు చేసే ప్రతి పనికీ వంక పెట్టడం ఆవిడ ఉద్యోగం. ఆ ఉద్యోగానికి ఆదివారం సెలవు కూడా లేదు.

ఎనభై తొమ్మిదిలో అనుకుంటాను, స్టోరు గదులు ఖాళీ చేయిస్తున్నప్పుడు సారంగపాణి ఒక అట్టపెట్టెను కొబ్బరితాడుతో కట్టి ఇంటికి తెచ్చాడు. గనికి పెద్ద యంత్రం బిగించడానికి ఎప్పుడో ఒక విదేశీ ఇంజనీరు వచ్చి గెస్ట్‌హౌస్‌లో చాలాకాలం ఉండిపోయాడట. పోతూ పోతూ వదిలేసిన సామాన్లలో అదొకటి. అడవిలో సాయంత్రాలు తోచక, చిన్నప్పటి బొమ్మ కట్టుకుందామని తెచ్చుకున్నాడో ఏమో పాపం.

“ఇండ్ల ఏవో రాకెట్టు ముక్కలున్నయే. మనం సదిరి బిడ్డకిద్దాం” అన్నాడు సారంగపాణి, చెప్పులు విప్పుతూ. ఇంకేముంది, పని ఎవరిదో తేలిపోయింది.

పెట్టె మూత మీద బొమ్మ చూసి కోటేశ్వరి పొయ్యి మీద పాలు మరిచిపోయింది. ఎర్రమట్టి నేల. ఆకాశంలో రెండు చందమామలు. ఆ నేల మీద మూడు కాళ్ళు ఊని నిలబడ్డ వెండిరంగు నౌక, రెండు వైపులా కత్తుల్లాంటి రెక్కలు, నెత్తిన గాజు బుడగ. మనుషులెవరూ లేరు. ఎవరో దిగి అటు నడిచి వెళ్ళిపోయినట్టు తలుపొకటి తెరిచి ఉంది. పెట్టె మీద వేసిన సంవత్సరం చూస్తే ఆమె పుట్టకముందుది. మూతను ఒక మూల చెదలు తినేశాయి. ఎలా కట్టాలో చూపించే బొమ్మల కాగితంలో సగం మిగిలింది, సగం పిండి పిండిగా రాలింది.

లోపల సరుకు కూడా ఏమంత బాగాలేదు. ఎవరో చిన్నతనపు తొందరలో సగం కట్టేసి వదిలేశారు. ముక్కు ఒక పక్కకు వాలి ఉంది, అతుకుల వెంట జిగురు కారి గడ్డకట్టింది, ఒక చోట ఆ జిగురులో చిన్న వేలిముద్ర అలాగే నిలిచిపోయింది. మిగతా ముక్కలు చింతకాయల్లా ప్లాస్టిక్ కాడలకు వేలాడుతున్నాయి, ఒక్కొక్కదాని పక్కన ఒక అంకె. ఒక కాలు లేదు. గాజు బుడగ లేదు. రెక్కలు రెండూ రేకుల కప్పు కింద వేడికి వంగి, వేయించిన అప్పడాల్లా మెలిక తిరిగి ఉన్నాయి.

పదో తరగతిలో కోటేశ్వరి వేసిన గుండె బొమ్మను సైన్సు మాస్టారు క్లాసంతా తిప్పి చూపించాడు. ఆ తర్వాత ఏడాది ఆమెకు పెళ్ళి చేశారు. ఆ చెయ్యి ఇన్నాళ్ళూ ముగ్గులకూ, జాకెట్టు కుట్లకూ సరిపెట్టుకుంది. ఇప్పుడు ముక్కలన్నీ చాటలో పోసుకుని కూర్చునేసరికి, ఆ చేతికి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయింది.

ముందు కుంకుడు రసంలో నానబెట్టి మట్టీ మసీ వదిలించింది. పాత అతుకులు విడదీయడానికి బ్లేడు పెడితే ప్లాస్టిక్కు గీసుకుపోయింది. కుట్టుదారం రెండు పేటలు వేసి అతుకు సందులో పెట్టి రంపంలా అటూ ఇటూ లాగితే, గట్టి జిగురు పొడిగా రాలి ముక్క నిమ్మళంగా విడివడింది. కాడల్ని సన్నగా చెక్కి, సారంగపాణి స్టోరు నుంచి తెచ్చిన, రంగుల్లో కలిపే థిన్నరులో కరిగిస్తే చిక్కటి ముద్దయింది, సందులన్నీ దానితో పూడ్చి నున్నగా గీకింది. లేని కాలును అల్లిక సూదితో చేసింది. కొత్త చొక్కా కాలరు కింద పెట్టే అద్దంలాంటి ప్లాస్టిక్ ముక్కను వేణ్ణీళ్ళలో మెత్తబరిచి, గరిటె వీపు మీద అదిమి పట్టి గాజు బుడగ తీసింది. మొదటి నాలుగూ ముడతలు పడ్డాయి, ఐదోది నిలిచింది. కాలరు బలి అయినందుకు సారంగపాణి ఒక పూట మొహం ముడుచుకున్నాడు.

రెక్కల దగ్గర మాత్రం భయపడింది. చేత్తో సరిచెయ్యబోతే అంచున టిక్కుమని సన్నటి చీలిక పడింది. రెండు మూడు రోజులు వాటి జోలికి పోలేదు. చివరకు బుడగ నేర్పిన పాఠమే వాటికీ పనికొచ్చింది. గిన్నెలో నీళ్ళు పెట్టి, మరగకముందే, అడుగున బుడగలు లేచే వేళకు దించి, రెక్కను అందులో ముంచితే కాసేపటికి తడి తోలులా మెత్తబడేది. తీసి పీట మీద పరిచి, పైన ఇంకో పీట పెట్టి, దాని మీద సన్నికల్లు ఎక్కించేది. ఒక్కసారికి లొంగలేదు. మధ్యాహ్నం పూట అన్నాలు అయ్యాక, ముందు గదిలో అత్త మంచం పక్కనే గాలి తగిలే చోట కూర్చుని, వారం పైచిలుకు అదే పని. ఆఖరికి రెక్కలు రెండూ గీత గీసినట్టు తిన్నగా వచ్చాయి.

“ఏం వాసనే అది, తలకాయ తిరుగుతాంది” అని వెంకమ్మ రోజూ సణిగేది. “పప్పుల ఉప్పు మరుస్తవ్, బొమ్మకు మాత్రం పూటకో స్నానం. అన్నం పెడ్తదా అది?” అనేది. ఒక రోజు ఏమనుకుందో, చెయ్యి చాపి నౌకను తడిమింది. ముక్కూ, రెక్కలూ, కాళ్ళూ అన్నీ వేళ్ళతో చూసుకుని, “పుష్పకం గద ఇది! రాములవారు ఎక్కిన బండి” అంది. భద్రాచలం దేవుడి పొరుగున పుట్టి పెరిగిన మనిషి, ఎగిరే బండి అంటే ఆవిడకు ఇంకోటి తెలియదు. అప్పటి నుంచి ఆ ఇంట్లో నౌకకు మూడు పేర్లు. మొగుడు రాకెట్టు అంటాడు, అత్త పుష్పకం అంటుంది. కోటేశ్వరి పైకి ఏమీ అనదు, మనసులో నా నౌక అనుకుంటుంది.

నా అనుకోవడం ఆమెకు కొత్త. పొద్దున వండిన అన్నం మధ్యాహ్నానికి ఉండదు. ఉతికిన చొక్కా సాయంత్రానికి మళ్ళీ బొగ్గు మసితో తొట్టిలోకి వస్తుంది. తుడిచిన గచ్చు మీద లారీల దుమ్ము పడుతుంది, వేసిన ముగ్గు తొక్కుడు పడుతుంది. తను ఇన్నేళ్ళలో చేసిన పనంతా కుప్ప పోస్తే కొండంత ఉండాలి, కానీ చూపించమంటే చూపించడానికి ఏమీ లేదు, అంతా తిన్నారు, తొడిగారు, మరిచిపోయారు. పోనీ నిలిచే పనులు చేయలేదా అంటే చేసింది. లేసు అల్లిన టేబుల్ గుడ్డ హెడ్‌క్లర్కు ఇంటికి పోయింది. గోడకు తగిలించిన పూసల నెమలి స్టోరు ఆఫీసరు కూతురి పెళ్ళికి పోయింది. ఏటా పెట్టే ఆవకాయలో మంచి జాడీ ఎవరో ఒకరి జీపులో ఎక్కుతూనే ఉంటుంది. కొత్తగూడెం హెడ్డాఫీసుకు బదిలీ కావాలని సారంగపాణి కోరిక. ఆ బదిలీ మాత్రం ఇంతవరకూ రాలేదు. అందుకే ఈ నౌక దగ్గర కూర్చున్నప్పుడల్లా ఆమెకు ఒకటే అనిపించేది. ఇది తినేది కాదు, తొడిగేది కాదు, ఎవరికీ ఎందుకూ పనికిరాదు. కాబట్టి ఇదొక్కటి నాకు మిగులుతుంది.

ఎంత అమాయకురాలు కాకపోతే అలా అనుకుంటుంది!

వెండి రంగు మొదటి పూత ఆరిన సాయంత్రం, చెప్పా పెట్టకుండా ఇంటి ముందు జీపు ఆగింది. పెద్ద మేనేజరు దిగాడు, వెనక సారంగపాణి నవ్వుతూ దిగాడు. కోస్తా మనిషి ఆయన, మంచి మాటకారి. నౌకను చూస్తూనే కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని, మోకాళ్ళ మీద వంగాడు.

“అబ్బ! ఏం పనితనమయ్యా సారంగపాణీ. ఈ అతుకు ఎక్కడుందో వేలికి కూడా తగలటం లేదే, ఎట్లా చేశారు?”

కోటేశ్వరి వంటింటి గుమ్మంలో టీ పళ్ళెంతో నిలబడి ఉంది. సమాధానం ఆమె నాలుక చివర ఉంది. సారంగపాణి గొంతు సవరించుకున్నాడు.

“అంటే సార్... మందు పూసి... దినాం పొద్దుగూకాల కూసొని మేమే ఏదో గట్ల చేసినం.” ఆ పైన వంటింటి గుమ్మం వైపు చూసి, పెద్ద మనసు చేసుకున్నట్టు, “మా ఇంటామె గూడ సాయం చేసింది సార్” అన్నాడు.

సాయం. టీ తొణికి సాసరులో పడింది. ఆ మాటకు కోటేశ్వరికి ఒళ్ళు మండిపోయింది, మండి ఏం లాభం, పళ్ళెం ముందుకు చాచింది. మేనేజరు కప్పు అందుకుని, “అదృష్టవంతులమ్మా, మీవారిది బంగారం లాంటి చెయ్యి” అన్నాడు. ఆమె తల వంచుకుని లోపలికి వచ్చేసింది. మంచం మీద వెంకమ్మ ముక్కుతో ఒక శబ్దం చేసింది, దగ్గో నవ్వో తెలియలేదు.

వారం తిరక్కుండా అసలు సంగతి బయటపడింది. మేనేజరుకు హైదరాబాదు బదిలీ అయింది. శనివారం సాయంత్రం క్లబ్బులో వీడ్కోలు సభ. అందరూ తలా ఒక శాలువా కప్పుతారు. సారంగపాణి మాత్రం నౌకను అద్దాల పెట్టెలో పెట్టి, స్టేజీ మీద, మైకులో చెప్పి మరీ ఇస్తాడు.

“కాలనీల చెక్కపని చేసే వడ్ల సీతయ్యకు పెట్టె చెయ్యమని చెప్పొచ్చిన” అన్నాడు అన్నం కలుపుకుంటూ. “పోయేముందు ఒక్క సంతకం పెట్టిండనుకో, మనం కొత్తగూడెంల పడ్తం. బిడ్డ దగ్గరుంటం.”

కోటేశ్వరి చేతిలో గరిటె ఆగిపోయింది. “ఎవర్ని అడిగి ఇస్తనన్నరు?”

“ఎవర్ని అడుగుడేంది? మనదే గదా.”

“అది నేను చేసింది.”

సారంగపాణి నిజంగా ఆశ్చర్యపోయి చూశాడు. చెడ్డవాడు కాదు, అక్కడే వచ్చింది చిక్కంతా. “నేనెప్పుడన్న కాదన్ననా? మనం చేసినం. మనమే ఇస్తున్నం. గిండ్ల నాదీ నీదీ ఏంది? పెరుగెయ్యి.”

పెరుగు వేసింది. కొట్టే మొగుడైతే ఏడవొచ్చు, తిట్టే మొగుడైతే తిరిగి తిట్టొచ్చు. మనం అనే మనిషితో ఎలా పోట్లాడాలి? నాది అన్న మాట నోట్లోంచి రాగానే తనే స్వార్థపరురాలైపోతోంది. పైగా బిడ్డ పేరు తెచ్చాడు. బిడ్డ దగ్గర ఉండాలని తనకు మాత్రం లేదా? టేబుల్ గుడ్డ పోయినప్పుడూ ఇదే మాట, నెమలి పోయినప్పుడూ ఇదే మాట. బిడ్డ హాస్టల్లోనే ఉంది, తామిక్కడే ఉన్నారు, వస్తువులు మాత్రం బదిలీ అయిపోయాయి.

ఆ మధ్యాహ్నం కళ్ళు తుడుచుకుంటూ చాట ముందేసుకుంటే, వెంకమ్మ అందుకుంది. “బొమ్మ కోసం ఏడుస్తరానే ఎవరన్న? నేనల్లిన ఈతసాపలు, రంగుల పువ్వులేసి అల్లినయి, ఎన్ని పోలేదు పటేలు ఇంటికి! మీ మామ సంకల పెట్టుకొని పోతుంటే నేనేమన్న ఏడ్చిన్నా?” ఈ ఇంట్లో తన పక్షాన మాట్లాడే గోడైనా లేదనుకుంది కోటేశ్వరి.

పని పూర్తయితే నౌక పోతుంది. పూర్తి కాకపోతే ఉంటుంది. అంతే, ఆమె చెయ్యి నెమ్మదించింది. రెండో పూత ఆరలేదంది. మూడో కాలు కుదరలేదని ఊడదీసి మళ్ళీ పెట్టింది. ఎర్ర చార వేసి, బాగాలేదని తుడిచి మళ్ళీ వేసింది. సారంగపాణి ఇంట్లో అడుగు పెడుతూనే “మన రాకెట్టు ఎంతదాక వచ్చింది?” అని అడిగేవాడు, జవాబు వినకుండానే పేపరు విప్పేవాడు. గురువారం నాడు మాత్రం పేపరు విప్పలేదు. నౌక ముందు కూర్చుని చుట్టూ చూశాడు. అతనికి ఏమీ తక్కువ కనిపించలేదు. “అయిపోయింది గదా, ఇంకేంది? శనివారం నేను మూడింటికల్ల సీతయ్యను పెట్టెతోని తోలుకొస్త. అందాక ఎవరూ చెయ్యి పెట్టొద్దు” అన్నాడు.

శుక్రవారమంతా కోటేశ్వరి ఏదో పని పెట్టుకుని ఆ గదిలోకి వెళ్తూనే ఉంది. దాచేద్దామా? రెండు గదుల క్వార్టరులో ఎక్కడ దాచాలి. విరిచేద్దామా? అల్లిక సూదితో చేసిన కాలును రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. కొంచెం నొక్కితే చాలు. ఆ కాలు నిలబడటానికి ఎన్నిసార్లు అరగదీసిందో వేళ్ళకు గుర్తుంది, వేళ్ళు ఒప్పుకోలేదు. కిందపడిందని అబద్ధం చెప్పొచ్చు, కానీ పడెయ్యవలసింది తనే కదా. తన చేత్తో కట్టినదాన్ని తన చేత్తో విరవలేకపోయినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఏ స్టేజీ మీదో అది అద్దాల పెట్టెలో మెరుస్తుంటే, వెనక వరసలో కూర్చుని తను చప్పట్లు కొట్టాలి.

శనివారం పొద్దున వెంకమ్మ ఎవరూ లేపకుండానే లేచి తలస్నానం చేసింది. వంట సగంలో ఉండగా గోడ పట్టుకుంటూ వంటింటి దాకా వచ్చింది.

“కర్పూరం ఏడ పెట్టినవే?”

“ఎందుకత్తమ్మా?”

“పుష్పకం గడప దాటిపోతాంది గద. దేవుని బండిని వట్టిగ పంపుతరా? హారతియ్యాలె.”

కోటేశ్వరి మనసు ఎక్కడో ఉంది. కర్పూరం డబ్బా, అగ్గిపెట్టె, ఇత్తడి పళ్ళెం తీసి చేతిలో పెట్టి, వంకాయ కూర దగ్గరికి తిరిగింది. గనిలో మందు పేలింది, అలమరలో గ్లాసులు గలగలమన్నాయి. ఆ గలగల ఆగాక వచ్చింది వాసన. కర్పూరం వాసన, దాని కింద ఇంకోటి, వేడెక్కుతున్న రంగు వాసన. ఆ వాసన కోటేశ్వరికి ముక్కుతో కాదు, ఒంటితో తెలుసు.

గరిటెతోనే గుమ్మంలోకి పరిగెత్తింది.

ముందు గదిలో స్టూలు మీద నౌక. నెత్తిన ఒక గన్నేరు పువ్వు, ముక్కుకు కుంకుమ. వెంకమ్మ దాని ముందు నేల మీద కూర్చుని పళ్ళెం పట్టుకుని ఉంది. హారతి ఇచ్చినట్టు తిప్పడం లేదు, కుడి రెక్క కిందే నిలిపింది. పళ్ళెంలో ఒక బిళ్ళ కాదు, బిళ్ళ మీద బిళ్ళ గుప్పెడు మండుతోంది. వెండి రంగు ముందు నల్లబడింది, సన్నగా బుడగలు కట్టింది.

అత్తమ్మా అని పిలవడానికి కోటేశ్వరి నోరు తెరిచింది. ఒక్క మాట చాలు. ఒక్క అడుగు వేసి పళ్ళెం పక్కకు జరిపినా చాలు, రెక్క ఇంకా తిన్నగానే ఉంది. కానీ మాట గొంతులోనే ఆగింది. ఆగింది అనడం కూడా సరికాదు, ఆమే ఆపుకుంది. వంగిన రెక్కతో ఎవరూ దీన్ని స్టేజీ ఎక్కించరు. పాపం, చూపు ఆనని ముసలిది భక్తితో చేస్తోంది, తను చూస్తూ చూస్తూ ఊరుకుంటోంది. వారం పైచిలుకు మధ్యాహ్నాలు ఆ రెక్క మీద పోశానే అనుకుంది. పిలువు అనుకుంది. పిలవలేదు. వెంకమ్మ తల కొంచెం ఎత్తింది, గుమ్మం వైపు తిరిగినట్టే తిరిగి, డబ్బా తడిమి ఇంకో బిళ్ళ మంటలో వేసింది. రెక్క కొస మెల్లగా, నిద్రలో తల వాల్చినట్టు, కిందికి వాలింది. తర్వాత సగం రెక్క వాలింది. కోటేశ్వరి గరిటె కాడను రెండు చేతులా పట్టుకుని చూస్తూ నిలబడింది.

మంట కొడిగట్టాక వెంకమ్మ పళ్ళెం అటు చాచింది. “కండ్లకద్దుకో” అంది. కోటేశ్వరి వంగి, చేతుల్ని ఆ సెగ మీద పెట్టి కళ్ళకద్దుకుంది.

సారంగపాణి అన్నమాట ప్రకారం మూడింటికే వచ్చాడు, వెనక సీతయ్య అద్దాల పెట్టెను పసిబిడ్డలా మోసుకుంటూ వచ్చాడు. గుమ్మంలోనే ఇద్దరూ నిలబడిపోయారు.

“ఏమైందే దీనికి? ఏమైంది?”

“పుష్పకానికి హారతిచ్చిన బిడ్డా” అంది వెంకమ్మ మంచం మీద నుంచి. “ఏమన్నయిందా? నాకు కండ్లు కానరావాయె.”

తల్లిని తిట్టలేడు, దేవుడి హారతిని అసలే తిట్టలేడు. మిగిలింది పెళ్ళాం. “నువ్వేం చేస్తున్నవే? ముసలామెకు కండ్లు కనబడయని ఎరుక లేదా? కనిపెట్టుకుని ఉండొద్దా? నా పరువు పోయింది, క్లబ్బుల అందరికి చెప్పిన!” అని గదంతా తిరిగాడు. సీతయ్య పెట్టె దించాలో మొయ్యాలో తెలియక తలుపు దగ్గరే నిలబడ్డాడు. కాసేపటికి సారంగపాణి గొంతు తగ్గింది. స్టూలు ముందు కూర్చున్నాడు, వాలిన రెక్కను వేలితో ఎత్తి వదిలాడు.

“సరె, అయిందేదో అయింది. ఇంక పొద్దున్నది” అన్నాడు కోటేశ్వరి మొహంలోకి చూస్తూ. “మీటింగుకు ఇంక టైమున్నది. మనం సక్కగ చేద్దాం.”

వేణ్ణీళ్ళూ, రెండు పీటలూ, సన్నికల్లూ ఉంటే, సభ మొదలయ్యేలోపు ఆ రెక్క చూడటానికి బాగానే వస్తుంది. కోటేశ్వరికి తెలుసు. ఎప్పుడూ ఆ మాటకు కాళ్ళు వాటంతట అవే వంటింటి వైపు కదిలేవి. ఇవాళ కదల్లేదు.

“రాదు” అంది.

“ఏంది రాదు?”

“వేడికి వంగింది మళ్ల సక్కగ రాదు.”

సారంగపాణి రెక్క వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, మళ్ళీ రెక్క వైపు చూశాడు. పెట్టె తెచ్చిన నాడు ఆ రెక్కలు ఎలా ఉన్నాయో అతనికి గుర్తులేదు, ఎలా తిన్నగా అయ్యాయో అసలే తెలియదు. మనం చేశాం అన్నవాడు ఒక్క మధ్యాహ్నమైనా ఆ మనంలో కూర్చుని ఉంటే, ఆ అబద్ధం ఆమె నోరు దాటకముందే పట్టేసేవాడు. పట్టుకోవడానికి అతని దగ్గర ఏమీ లేదు. “రాదా?” అన్నాడు, చిన్నపిల్లాడిలా. “రాదు” అంది మళ్ళీ.

గోడ మీది దేవుడి పటం దించి, తుడిచి, అద్దాల పెట్టెలో పెట్టించుకుని, సీతయ్యను తోడు తీసుకుని అతను క్లబ్బుకు వెళ్ళిపోయాడు. పటానికి పెట్టె చాలా పెద్దదైంది.

ఇల్లు నిమ్మళించింది. కోటేశ్వరి స్టూలు దగ్గర కూర్చుని, నౌకను ఒళ్ళోకి తీసుకుంది. సంతోషం ముంచుకొచ్చింది, దాని వెనకే సిగ్గూ వచ్చింది. గుడ్డి ముసలిదాని చేతుల్ని అడ్డం పెట్టుకుని మొగుణ్ణి గెలిచాను, ఇదీ ఒక గెలుపేనా అనుకుంది. అయినా వేళ్ళు ఆగలేదు. వాలిన రెక్కను చూస్తుంటే ఏడ్చే బిడ్డను చూసినట్టుంది. లేచి వెళ్ళి, స్టవ్ మీద గిన్నె పెట్టి నీళ్ళు పోసింది.

“ఏం పెట్టినవే పొయ్యి మీద?” ముందు గదిలోంచి వెంకమ్మ అడిగింది.

“నీళ్ళత్తమ్మా. నీకు స్నానానికి.”

“నేను పొద్దుగాల్నే పోసుకుంటి గదా. దించు.” మంచం నులక కిర్రుమంది. “ఇయ్యాల వద్దు పిల్లా. ఆ సారు హైదరాబాదు బండెక్కి పోనియ్యి. అప్పుడు కాచుకో నీళ్ళు. రెక్క ఏడికి పోదు.”

కోటేశ్వరి చేతిలోంచి మసిగుడ్డ జారిపోయింది. స్టవ్ ఆర్పి, గుమ్మంలోకి వచ్చి, పొద్దున నిలబడ్డ చోటే నిలబడింది.

“నీళ్ళ సంగతి నీకెట్ల ఎరుక?”

“దినాం నా మంచం పక్కకే గదా కూసొని ముంచితివి, పీటల నడుమ పెడ్తివి. మసకలైతే మసకలు గని, గుడ్డిదాన్ని కాలేదింక.”

బయట లారీలు పోతున్నాయి. కోటేశ్వరి మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. చెప్పకుండా ఉండలేకపోయింది.

“నేను ఈ తలుపు కాడనే ఉన్న అత్తమ్మా. రెక్క వంగుడు చూస్తనే ఉన్న. నోరు తెరిసి గూడ నిన్ను ఆపలే.”

“ఎరుకే” అంది వెంకమ్మ. “నువ్వు ఆపకపోతివి గనుకనే ఇంకో బిళ్ళ ఏసిన.”